చెకుముకి కొండలలో పాలపాము

మన పల్లెలలో జెఱ్ఱిపోతును గూర్చి చెప్పుకొను కథ నెఱుగని యిల్లాలుండదు. అది రాత్రివేళ కొట్టములో ప్రవేశించి, ఆవు వెనుకకాళ్ళకు త్రాటివలె చుట్టుకొని, పొదుగునకు నోరు తగిలించి పాలు త్రాగిపోవునట. తెల్లవాఱి చెంబుతో పితుక గూర్చున్నపుడు ఆవు చేపకున్నచో, రాత్రి దూడ పలుపు త్రెంపుకొన్నదేమో యని చూచుటకు ముందే "జెఱ్ఱిపోతు వచ్చి పోయినది" అనుట మన పెద్దల వాడుక. సరిగా ఈ నిందనే అమెరికా దేశమున నింకొక పాము మోయుచున్నది. అక్కడి పాడిరైతులు దానికి 'మిల్క్ స్నేక్' అనియే పేరు పెట్టిరి, అనగా పాలపాము. వారి మాట మనవారు వినలేదు, మన మాట వారు వినలేదు. అపనింద మాత్రము రెండుచోట్ల నొక్కటియే.

2024వ సంవత్సరపు వసంతమున నేను కాన్సాసు రాష్ట్రమందలి ఓవర్లాండు పార్కు పట్టణమున మా కుమారుని యింట నాలుగు నెలలుంటిని. ఆ పట్టణమున తెలుగు కుటుంబములు చాల గలవు. సెలవుదినములలో తక్కినవారు గుడికో, అంగళ్ళకో, ఒకరి యింటి విందునకో పోవుచుండ, మా కోడలు కెమెరా భుజమున దగిలించుకొని పాలపాములను వెదకబోవును. పట్టి తెచ్చుటకు గాదు. కనుగొని, ఫోటో తీసి, ఉన్నచోటనే విడిచి వచ్చుటకు. ఒకరికి తపాలాబిళ్ళల పిచ్చి, ఒకరికి తోటపని, ఈమె కిది. అంతవఱకు నాకు చెప్పవలసినది లేదు. కాని ఎనిమిదేండ్ల మా మనుమరాలు సయితము తల్లివెంట పోవ మొదలిడినది. నా కుమారునకది యిష్టములేదు. "అమ్మా, నీవు పోయి చూచి రా. నీవు వద్దన్నచో నేను మాన్పించెదను" అని తీర్పుభారము నా నెత్తిన బెట్టినాడు. అత్తగారి నోట నొక మాట యెంత బరువైనదో సోదరీమణులకు నేను చెప్పనక్కఱలేదు. కావున నేనును బయలుదేరితిని.

మే మంతా తెల్లవాఱకముందే కారెక్కి నైరృతిదిక్కుగా రెండుగంటలు పోయితిమి. ఎంపోరియా పట్టణము దాటినపిదప భూమి రూపు మాఱినది. చెట్లు వాగులవెంట మాత్రమే మిగిలినవి. తక్కిన దంతయు గడ్డి. కనుచూపు పాఱినంతమేర మెట్టలుమెట్టలుగా, అలలుగా గడ్డి. వీనిని 'ఫ్లింట్ హిల్సు' అందురు. మన మాటలో చెకుముకి కొండలు. కొండలన్నమాటయే గాని మన యనంతగిరివంటి ఎత్తు లేదు. కోట్లకొలది సంవత్సరముల క్రింద నిది సముద్రపు టడుగట. ఆ సముద్రము విడిచిన సున్నపురాయి పొరలు పొరలుగా నున్నది. అందు నడుమనడుమ చెకుముకిరాయి పొదిగినట్లుండును. నాగలి యీ రాతిమీద సాగదు. అందుచేతనే ఈ గడ్డి బ్రదికినది. పూర్వ మమెరికా నడుమ సుమారు 17 కోట్ల ఎకరములు వ్యాపించియుండిన పొడవుగడ్డి మైదానములో నిప్పుడు నూటికి నాలుగు పాళ్ళయినను మిగులలేదు. మిగిలినదానిలో అధికభాగ మీ కొండలలోనే యున్నది. 1996లో ప్రభుత్వమువారు స్ట్రాంగ్ సిటీ యను చిన్న యూరిచెంత దాదాపు 11,000 ఎకరములను జాతీయరక్షణలోనికి దెచ్చిరి. అచటికి 2009లో అడవిదున్నలవంటి బైసనులను గూడ మరల తెచ్చి విడిచిరి. ఈ నేల కసలు యజమానులైన కాన్సా జాతివారిని 1873లో ఓక్లహోమాకు తఱిమివేసిరి. రాష్ట్రమునకు వారి పేరు మాత్రము మిగిలినది.

మార్చి, ఏప్రిలు మాసములలో పశువుల రైతులీ గడ్డికి నిప్పు పెట్టుదురు. పాతదుబ్బు కాలినగాని క్రొత్తపచ్చిక రాదట. మేము పోవునప్పటికి కొన్ని మెట్టలు కాటుకవలె నల్లగా, కొన్ని చిలుకఱెక్కవలె పచ్చగా నుండెను. నిప్పు పైపైన బోవునుగనుక రాతిక్రిందను, పగుళ్ళలోను దాగిన ప్రాణులు బ్రదుకును. మా కోడలు వెదకునది ఆ రాళ్ళక్రిందనే. రక్షితభూమిలో రాయి కదల్చుట నిషిద్ధము; అక్కడ చూచుటయే గాని తాకుట లేదు. కావున నామె ఒక వృద్ధురాలి స్వంతబీడునకు, ఆమె యనుమతితో, మూడేండ్లుగా పోవుచున్నది.

ఇక పామును గూర్చి. కాన్సాసులోనిది సన్నని జాతి. సాధారణముగా రెండడుగుల పొడవు, మనిషి వ్రేలంత లావు. ఒడలెల్ల కట్లు, ఎఱ్ఱకట్టు, దాని కిరుప్రక్కల నల్లని యంచు, పిమ్మట దంతపు వన్నె పట్టీ, మరల నల్లయంచు, మరల నెఱుపు. గద్వాలచీర యంచును నేసినవాడైనను ఇంత సమముగా నేయలేడు. పొలుసులు నూనె రాచినట్లు మెఱయును. శాస్త్రజ్ఞులు దీని వంశమునకు పెట్టిన గ్రీకు పేరునకు 'మెఱయు డాలు' అని యర్థము. 1789లో లాసెపేడు అను ఫ్రెంచి పండితుడు దీనిని మొదట గ్రంథస్థము చేసెను. కెనడా దక్షిణభాగము మొదలు దక్షిణ అమెరికాలోని ఈక్వెడారువఱకు నున్న ఈ పాములన్నియు చిరకాల మొకే జాతిగా నెన్నబడి, 2014లో ఏడు జాతులుగా విడదీయబడినవి. విషములేదు. చిన్నయెలుకలను, నున్నని పొలుసులుగల నలికీచులవంటి బల్లులను, తనకన్న చిన్నపాములను చుట్టి బిగించి మ్రింగును. వేసవి ముదిరినచో పగలు బయట కనబడదు. జూను, జులై నెలలలో కుళ్ళిన మ్రానిక్రిందనో రాతిక్రిందనో పది యటునిటుగా గ్రుడ్లు పెట్టి తనదారిని బోవును. పిల్లలు వేసవి చివర తమంతట తామే పుట్టి తమంతట తామే బ్రదుకవలెను.

పాలు త్రాగుటమాట కేమి? పెదవులు లేని నోటితో చన్ను చప్పరించుట కుదరదు. నోటినిండ వెనుకకు వంగిన సూదులవంటి పళ్ళు. వానితో పొదుగును పట్టినచో ఏ యావు ఊరకుండును? దూడ యొకింత గట్టిగా కుమ్మిననే కాలు విదుర్చును గదా. పోనీ త్రాగినదనుకొందము, వ్రేలంత పాముకడుపులో పట్టునది చెంచాలలెక్క, దానికి కుండలో పాలు తగ్గునా? కొట్టములో గడ్డియు గింజయు నుండును, వానికొఱకు ఎలుకలు చేరును, ఎలుకలకొఱకు పాము వచ్చును. తెల్లవాఱి పాము కనబడును, ఎలుక కనబడదు. దొరికినదే దొంగ!

అన్నింటికంటె వింత దాని వన్నెలలో నున్నది. అమెరికా దక్షిణరాష్ట్రములలో పగడపుపామని ఘోరవిషముగల దొకటి కలదు. దానికిని ఎఱుపు, నలుపు, పసుపు కట్లే. పాలపాము ఆ వేషము వేసికొని శత్రువులను బెదరించునని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. 2001లో కరోలినా రాష్ట్రములలో మైనమువంటి ముద్దతో ఇట్టి కట్లపాముబొమ్మలను చేసి అడవులలో నుంచి చూడగా, పగడపుపాము ఉన్నచోట్ల మృగములు వానిని విడిచిపెట్టినవి, లేనిచోట్ల కొఱికిచూచినవి. కాన్సాసులో పగడపుపాము లేనేలేదు. అయినను మన పాలపాము రాజులేని యూర రాజవేషము వేసినట్లు ఆ కట్లు ధరించియే తిరుగుచున్నది.

ఇచట నొక్కమాట చెప్పి ముందునకు బోయెదను. ఈ వ్యాసము చదివి మన యూళ్ళలో నెవ్వరును రాళ్ళు తిరుగవేయరాదు. మన కట్లపామునకును కట్లున్నవి, అది ప్రాణాంతకము. అమెరికా సంయుక్తరాష్ట్రములలో పాముకాటున ఏటికి చనిపోవువారు అయిదుగురు మాత్రమని లెక్క. మన దేశమున 2000 మొదలు 2019 వఱకు సగటున ఏటికి 58,000 మంది చనిపోయిరని అంచనా. ఆ దేశపు వినోదము ఈ దేశమున వినోదము గాదు. అచ్చటనైనను కాన్సాసు తూర్పుభాగమున రాగితలపాము, చిన్నజాతి గిలకపాము అను విషసర్పములున్నవి. మా కోడలు పిల్లకు మొదట నేర్పినది కెమెరా గాదు, ఆ రెండు పాముల ముఖములు.

వెదకు విధానమును శ్రద్ధగా గమనించితిని, ఎందుకన నేను వచ్చిన పని యదియే గదా. ముందురోజు వాన కురిసి, ఉదయము చల్లగానుండి, తరువాత నెండ రావలెను. అప్పుడు పాములు వెచ్చదనముకొఱకు పలుచని రాయిక్రిందికి చేరును. రాతికి ఎదుట నిలిచి, ఆవలియంచును కొక్కెపుకఱ్ఱతో పట్టి తనవైపునకు లేపవలెను. అట్లయిన రాయి తనకును పామునకును నడుమ తలుపువలె నుండును, పాము ఆవలికి పోవును. వ్రేళ్ళు రాతిక్రింద పెట్టరాదు. పిల్ల పదియడుగులు వెనుక, పొడవుబూట్లతో, తల్లి పిలుచువఱకు కదలరాదు. చూచినపిదప రాతిని తిరిగి సరిగా దాని గుంటలోనే, పాత్రమీద మూతవలె, సందు లేకుండ నుంచవలెను. ఆ గుంట కెన్నో యేండ్ల చెమ్మయు, చీమల దారులును ఏర్పడియున్నవి. మూత తప్పినచో లోపల నెండి, మఱి యే ప్రాణియు చేరదు. "అత్తయ్యగారూ, మనం వాళ్ళింటి తలుపు తీసి చూస్తున్నాం. వేసి వెళ్ళాలి కదా!" అని కోడలనినది. నాకీ మాట నచ్చినది.

ఆ దినము తొంబది రాళ్ళు తిరుగవేసినది; నేను చిన్నగులకఱాళ్ళు సంచిలో వేయుచు లెక్కపెట్టితిని. మెడపట్టీపాములు గంపెడు కనబడినవి; బెదరినపుడు తోకను చుట్టచుట్టి క్రిందివైపు నెఱుపును చూపును. రెండు తేళ్ళు, ఒక పెద్ద నలికీచు, చీమలకైతే లెక్కలేదు. పాలపాము లేదు. మఱుసటి వారమును లేదు. మూడేండ్లలో నామెకు కనబడినవి నాలుగట! ఇంత కష్టమునకు నాలుగా యని నే ననుకొంటిని గాని, పిల్ల ముఖమున విసుగు కానరాలేదు. ఇంటియందు అయిదు నిముషములు కుదురుగా కూర్చుండని పిల్ల యక్కడ అరగంట నిశ్శబ్దముగా నిలుచుట నేను కన్నులార చూచితిని.

ఈ ఓపిక మా కోడలొక్కతెకే యున్నది గాదు. కాన్సాసు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు హెన్రీ ఫిచ్ అను నాయన 1948లో లారెన్సు పట్టణముచెంత 590 ఎకరముల వనములో భార్యయగు వర్జీనియాతో కాపురముపెట్టి, అక్కడనే పిల్లలను పెంచుచు, ఏబదేండ్లు పాములను పట్టి, తూచి, గుర్తువేసి, విడిచిపెట్టెను. పాలపాము జీవనమునుగూర్చి 1970లో నొక సహచరునితో కలిసి వ్రాసెను. ఏబదేండ్ల ఫలితమును 1999లో పుస్తకముగా ప్రకటించెను. నూఱవయేట, 2009లో పోయెను. పాముల నడుమ పిల్లలను పెంచిన యా తల్లిని గూర్చి వ్రాసినవారు తక్కువ. నాకు మాత్ర మామెను గూర్చియే యెక్కువ తెలిసికొనవలెననిపించినది.

మూడవవారము బీడు యజమానురాలు మమ్ము తన యింటికి పిలిచి కాఫీ యిచ్చినది. ఎనుబదేండ్లు దాటిన వితంతువు. నాలుగు తరములుగా పశువుల వ్యాపారము. నడుము వంగలేదు. నే నుపాధ్యాయినిగా పనిచేసి నేర్చిన యింగ్లీషు ఆ దినమున నక్కఱకు వచ్చినది. ఆమె తల్లి కొట్టములో పాలపాము కనబడిన ప్రతిసారియు పారతో నరకెడిదట. తానును పెండ్లయిన క్రొత్తలో నట్లే చేసినదట. రాగితలపా మని కొన్ని, పాలదొంగ యని కొన్ని. నేను జెఱ్ఱిపోతు కథ చెప్పగా నామె కప్పు బల్లమీద పెట్టి, పగలబడి నవ్వి, ఆవు కాళ్ళకు చుట్టుకొనుటయును చెప్పుదురా యని అడిగినది. చెప్పుదు మంటిని. తన తల్లియు అదే చెప్పెడిదట! నాగులచవితికి పుట్టలో పాలు పోయుటను గూర్చియు అడిగినది. పాలు పామున కాహారము గాదని, ఆటగాండ్రు దాహమునకు మాడ్చినది మాత్రమే గతిలేక త్రాగునని, అయినను ఆ దినమున ఆడువారము పామును చంపక మ్రొక్కుదుమని చెప్పితిని. ఆమె కొంతసే పాలోచించి, సంవత్సరమున కొక్కదినమైనను మేలే యనినది.

ఆ మధ్యాహ్నమే కనబడినది. ఇంటివెనుక మెట్ట నడిమిపొరలో, ఇస్త్రీపెట్టె యంత పలుచనిరాయి. కోడలు లేపి, ఊపిరి బిగబట్టి, చేయెత్తి సైగచేసినది. పచ్చని నాచుమీద ఎవ్వరో పగడములు, నల్లపూసలు, దంతపుపూసలు గ్రుచ్చి చుట్టిపెట్టినట్లున్నది. అది కదలలేదు. మొదట నున్నదున్నట్లుగా రెండు ఫోటోలు తీసినది. పిమ్మట పొట్టపై పండుకొని, దగ్గఱివస్తువులకొఱకైన కటకముతో, వెలుగు కన్నులలో గ్రుచ్చుకొనకుండ తెల్లగుడ్డ కప్పిన దీపముతో మఱి నాలుగు. పాము కంటి నల్లపాపయందు చూపు నిలుపవలెనట. కన్ను మసకయైన బొమ్మ బొమ్మయే కాదట. పాము తోకకొన నెండుటాకులపై గిలకవలె ఆడించినది. అది బెదరినదనుటకు గుర్తు. వెంటనే కెమెరా మూసినది. ఇంకొకరైనచో టోపీక్రింద మూసి, మచ్చికచేసి, చుట్టచుట్టించి, తమకు కావలసిన భంగిమలో కూర్చుండబెట్టుదురు. అందమైన బొమ్మలనేకము లట్టివేయని కోడలు చెప్పినది. ఇది నా కంతగా రుచింపలేదు, ఆమెకును రుచింపదు. రాయిని మరల నుంచు ముందు పామును ప్రక్కకు తోలి, రాయి దించినపిదప అది తానుగా అంచుక్రింద దూఱువఱకు నిలిచితిమి; మీద పెట్టినచో నలిగిపోవును గదా. పిల్ల నావంక చూచి గుసగుసగా "నానమ్మా, అది ఇంట్లోకి వెళ్ళిపోయింది" అనినది.

ఆ రాత్రి నా కుమారునితో పిల్ల పోవచ్చునని చెప్పితిని. తల్లి వెంటనే, అమెరికాలోనే, పొడవుబూట్లు విడువక. మనయూరు వచ్చినపుడు ముండ్లకంచె దాపులకైనను పోరాదు. ఈ నాలుగుమాటలు కాగితముమీద వ్రాయించి నా కుమారుడు శీతలపేటికకు అంటించినాడు.

కథ యింతటితో మంగళముగా ముగిసిన బాగుండెడిది. మే నెల రెండవవారమున మరల పోవునప్పటికి ఆ మెట్ట పాడుచేయబడియున్నది. ఎవ్వరో దొంగతనముగ కంచె దాటి, గునపములతో రాతిపొరలనే పెకలించి, పెద్దపలకలను పగులగొట్టి, వెల్లకిల వేసి పోయిరి. వన్నెగల పాములను పెంపకమునకు కొనువారున్నారు. అట్టి పాములను ఇండ్లలోనే పుట్టించి యమ్మువా రెందఱో దశాబ్దములుగా నుండగా, అడవిలోని దానిని దొంగిలింప నక్కఱ యేమున్నదో నాకు తెలియదు. రాళ్ళ గుంటలన్నియు ఎండి తెల్లబాఱినవి. మా పలుచనిరాయి రెండుముక్కలు. కోడలు తన ఫోటోలలో చోటుగుర్తు లేకుండ ముందే తుడిచివేయును, ఊరిపేరైనను ఎవ్వరికి చెప్పదు. అయినను యజమానురాలు మొదట నామెను చూచిన చూపు నాకు జ్ఞాపకమున్నది. ఆ చూపు కొంతసేపటికే మాఱినది. మాఱకున్నచో ఆమెను తప్పుపట్టగలనా?

ఆ దినమంతయు రాళ్ళు సర్దితిమి. కదలింపగలిగినవి, గుంట గుర్తుతెలియుచున్నవి, నూటముప్పది దాక. మనుమరాలు చిన్నవి మోసినది. ముసలామె తానే చిన్నబండి తోలుకొని వచ్చి, పెద్దపలకలను సన్నెకోలతో జరిపినది. పగిలినదానిని అతికించుట యెవరి తరము? సాయంకాల మామె తన నిర్ణయము చెప్పినది. మూడు వసంతము లా మెట్టమీద ఎవ్వరును రాయి యెత్తరాదు. మా కోడలును ఎత్తరాదు. కోడ లొక్కమాటయు వాదింపక తల యూచినది. ఆమె తీసిన బొమ్మలలో నొకటి పెద్దదిగా నచ్చువేయించి పంపుమని ముసలామె యడిగినది. కొట్టపు తలుపునకు వ్రేలగట్టి, పారలు పట్టు పనివారికి చూపుటకట. జూనులో పంపితిమి.

గేటునకు గొలుసు వేసి, 2028వ సంవత్సరపు ఏప్రిలులో వచ్చి అడుగుమని యామె మాకు చెప్పియున్నది.